నడుము తెగిన జి.ఐ. జో: నెల్లూరు నుంచి ఒక రివ్యూ

అందరికీ నమస్కారం. ఈ రోజు మీకు చూపిస్తున్నది జేబులో పట్టేంత సైనికుడు. మూడుముప్పావు అంగుళాల జి.ఐ. జో. మన దేశంలో ఫన్‌స్కూల్ తయారుచేసిన బొమ్మ. బొమ్మను అంటించి అమ్మే అట్ట, అదే కార్డు, లేదు, తుపాకీ లేదు. అయినా దగ్గరగా చూడండి, రెండు బొటనవేళ్లూ ఉన్నాయి! ఈ బొమ్మల్లో ముందుగా పోయేవి అవే. తుపాకీని బలవంతంగా చేతిలో దూర్చితే పుటుక్కుమంటాయి. అందుకే పాత బొమ్మ కొనేటప్పుడు నేను ముఖంకన్నా ముందు బొటనవేలు చూస్తాను.

ఇప్పుడు భుజాలు పట్టుకుని పైకెత్తుతున్నాను. కాళ్లు బల్ల మీదే ఉండిపోయాయి, చూశారా? కంగారుపడకండి, ఏదీ విరగలేదు. కాళ్లనూ మొండేన్నీ కలిపి పట్టుకునేది లోపలున్న నల్లటి రబ్బరు రింగు. 1982లో అమెరికా కంపెనీ హాస్బ్రో ఈ సైజు బొమ్మలు తెచ్చినప్పటి పద్ధతే ఇది. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడి తెగుతుంది. మన నెల్లూరు ఎండల్లో, బీరువా మీద అట్టపెట్టెలో పడి ఉంటే ఇక చెప్పనే అక్కర్లేదు.

ఈ మరమ్మతు నాకు నేర్పింది ముఖమైనా చూడని ఒక పెద్దాయన. ఫేస్‌బుక్ లాంటి సైటు ఆర్కుట్ ఉన్న రోజులవి. నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి కూర్చునేవాణ్ని. ఏ స్క్రూ విప్పాలో, ఎంతవరకు బిగించాలో ఆయన ఓపికగా రాసి పెట్టారు. ఫన్‌స్కూల్ బొమ్మల్లో కొన్నిటికి అమెరికా బొమ్మలకు లేని రంగులు ఉండేవి. వాటి కోసం విదేశాల వాళ్లు మన వాళ్లను వెతుక్కుంటూ వచ్చేవారు. ఏ రంగు ఏ కార్డు మీద వచ్చిందో రాత్రి పొద్దుపోయేదాకా తేల్చుకునేవాళ్లం. 2014లో ఆర్కుట్ మూతపడింది. ఆ మాటలను ఒక నోటుపుస్తకంలోనైనా ఎక్కించుకోలేదే అని నాకు ఇప్పటికీ బాధే.

ఇప్పుడు వాట్సాప్ గ్రూపులు. ఫోటో, ధర, ‘అమ్ముడైంది’. అమ్ముకోవడం తప్పని నేను అనను. నాకు ఈ బొమ్మ దొరికింది కూడా అలాగే. కానీ పోయిన నెల కావలి కుర్రాడు ఒకడు ‘నడుము ఊడింది, ఏం చేయాలి?’ అని అడిగాడు. చూస్తుండగానే దాని మీద అమ్మకం ఫోటోలు వచ్చి పడ్డాయి. ఒక్కరూ జవాబివ్వలేదు. నేను చూసేసరికి రెండు రోజులు దాటింది.

ఈ వీడియో ఆ అబ్బాయి కోసమే. వీపు మీద ఒకటే స్క్రూ. విప్పండి. కొత్త రింగును కాళ్ల మధ్యనున్న ఇనుప కొక్కేనికి తగిలించి, పైన స్క్రూ దిగే గొట్టానికి వేయండి. తల, చేతులు జారకుండా మూసి, స్క్రూ బిగించండి. బిగువు తగలగానే ఆపేయాలి, లేకపోతే ప్లాస్టిక్ పగులుతుంది.

రింగు ఎక్కడిదంటారా? రొయ్యల గుంటలున్న జిల్లాలో రబ్బరు రింగులకు కరువా! మోటార్లు బాగుచేసే దుకాణానికి వెళ్లాను. ‘ఏ పంపుకు బాబూ?’ అన్నాడాయన. ‘బొమ్మకండీ’ అన్నాను. కళ్లజోడు పెట్టుకుని మూడు సైజులు పక్కపక్కన పెట్టి చూసి మరీ ఇచ్చాడు.

ఇదిగో, నిలబడ్డాడు. నడుము తిరుగుతోంది, మోకాళ్లు ముడుచుకుంటున్నాయి. కావలి తమ్ముడూ, తెగిన రింగు ముక్క పారేయకు. దుకాణానికి వెళ్లేటప్పుడు అది చేతిలో ఉండాలి.