లిఫ్ట్ చేసిన జిప్సీకి బ్రేక్ బయాస్ వాల్వ్: నాబ్ తిప్పితే బ్రేకులు పెరుగుతాయా?

నమస్తే అండీ. బెజవాడ ఆటోనగర్‌లో ఉన్నాం. వెనక సుత్తి దెబ్బలు వినపడుతూనే ఉంటాయి, ఏమనుకోకండి, ఇక్కడ అది బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్. ఈ బండి మారుతి జిప్సీ కింగ్. రెండంగుళాలు లిఫ్ట్ చేశారు, అంటే బాడీని పైకి లేపారు, కంపెనీ 205/70 ఆర్15 టైర్లు తీసి 235/75 ఆర్15 వేశారు, వెనక డ్రమ్ములు పీకేసి డిస్కులు పెట్టారు. ఇన్ని మార్చాక దీనికి బిగించిన విల్‌వుడ్ అడ్జస్టబుల్ ప్రపోర్షనింగ్ వాల్వ్ ఇవాళ్టి రివ్యూ. ఇదిగోండి, గుప్పిట్లో పట్టేంత ముక్క, పైన ఒక నాబ్. మన కుర్రాళ్లు బయాస్ వాల్వ్ అంటారు.

ముందే చెప్పేస్తున్నా, ఈ నాబ్ బ్రేకులు పెంచదు. వెనక చక్రాలకి వెళ్లే ప్రెషర్ని కోయడం ఒక్కటే దీని పని. "వెనక బ్రేకు అస్సలు పట్టట్లేదన్నా, వాల్వ్ వేసేద్దాం" అనేవాళ్లకి ఇది మందు కాదు.

మరి వెనక ప్రెషర్ ఎందుకు కోయాలి? బ్రేకు కొట్టగానే బండి ముక్కు కిందికి దిగుతుంది చూశారా, అదంతా బరువు ముందుకి రావడమే. ఊరికే ఒక లెక్క వేద్దాం. బండి వెయ్యి కిలోలు, నిలబడి ఉన్నప్పుడు ముందు 500, వెనక 500 అనుకోండి. జిప్సీ వీల్‌బేస్ 2375 మిల్లీమీటర్లు. గురుత్వకేంద్రం నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. పొడి రోడ్డు మీద 0.8 జీ, అంటే గురుత్వాకర్షణలో 0.8 వంతు లెక్కన వేగం తగ్గేలా గట్టిగా తొక్కితే 236 కిలోలు ముందుకొచ్చేస్తాయి. ముందు 736, వెనక మిగిలింది 264. రెండంగుళాల లిఫ్ట్‌తో గురుత్వకేంద్రం ఇంకో అయిదు సెంటీమీటర్లు లేచిందనుకుంటే, ఇంకో 17 కిలోలు వెనక నుంచి పోతాయి. అంత తేలికైపోయిన వెనక టైర్లకి ముందువాటితో సమానంగా బ్రేకు పట్టిస్తే అవే మొదట లాక్ అవుతాయి, అంటే తిరగడం ఆగి జారతాయి. ముందు టైర్లు లాకైతే స్టీరింగ్ మాట వినదు, బండి మాత్రం తిన్నగా జారుతుంది. వెనకవి మొదట లాకైతే బండి గిర్రున తిరిగిపోతుంది. వారధి మీద లారీల మధ్యలో ఆ పని జరిగితే ఏంటో మీరే ఊహించుకోండి.

టైర్ల సంగతి కూడా ఇక్కడే అనేస్తా. కొత్త టైరు వ్యాసం పాతదాని కంటే దాదాపు పది శాతం ఎక్కువ. అదే పెడల్‌కి రోడ్డు మీద బ్రేకు పట్టు ఇంచుమించు తొమ్మిది శాతం తగ్గుతుంది. నాలుగూ ఒకే సైజు కాబట్టి బ్యాలెన్స్ మాత్రం మారదు. పెద్ద టైర్లేశాక బండి ఆగట్లేదంటే, తిప్పాల్సింది ఈ నాబ్ కాదండీ.

ఇప్పుడు వాల్వ్ లోపలికొద్దాం. నాబ్‌తో వెనక ప్రెషర్ మొత్తం ఒకే లెక్కన తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. ఒక పాయింట్ దాకా ముందు ఎంతో వెనకా అంతే. ఆ పాయింట్ దాటాక పెరిగే ప్రెషర్లో 57 శాతం కోసేసి, 43 శాతమే వెనక్కి వదులుతుంది. నాబ్ తిప్పితే జరిగేది ఆ పాయింట్ జరగడమే. ఉదాహరణకి 300 పీఎస్ఐ దగ్గర పెట్టారనుకోండి. మెల్లిగా తొక్కి ముందు 250 వస్తే వెనకా 250. ముందు 600 వచ్చినప్పుడు వెనక 429 దగ్గరే. ముందు 900 అయితే వెనక 558. అందుకే బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర నింపాదిగా ఆపేటప్పుడు మీకు తేడా ఏమీ తెలియదు. సడన్ బ్రేకులోనే దీని పని.

జిప్సీ వాళ్లు ఇక్కడ చెవులు రిక్కించండి. ఈ బండి కింద కంపెనీ ఇచ్చిన ఎల్‌ఎస్‌పీవీ ఉంటుంది, అంటే లోడుని బట్టి వెనక బ్రేకుని సర్దే వాల్వ్. వెనక యాక్సిల్‌కి ఒక లింకుతో కట్టి ఉంటుంది. మనుషులెక్కి బాడీ కిందికి దిగితే, "లోడు పడింది" అనుకుని వెనక ప్రెషర్ ఎక్కువ వదులుతుంది. లిఫ్ట్ వేశాక బాడీ ఎప్పుడూ పైనే కదా? అయిదుగురు కూర్చున్నా బండి ఖాళీ అనుకుంటుంది పాపం ఆ వాల్వ్. లిఫ్ట్ తర్వాత వెనక బ్రేకు చచ్చిపోయిందని వచ్చే బండ్లలో మొదట చూడాల్సింది ఇదే. లిఫ్ట్ ఎంతో అంత ఎత్తు బ్రాకెట్ యాక్సిల్ వైపు కొట్టించి లింకుని పాత కోణంలోకి తెస్తే సరిపోతుంది. డ్రమ్ములు అలాగే ఉంచి లిఫ్ట్ మాత్రమే వేసినవాళ్లకి నా సలహా అదే, ఈ విల్‌వుడ్ వాల్వ్ కొనకండి.

ఈ బండికి వెనక డిస్కులు రావడంతో పాత లెక్క పనికిరాలేదు. అందుకే ఎల్‌ఎస్‌పీవీ తీసేసి ఇది వేశారు. రెండూ ఒకే లైన్లో ఉంచితే ఒకటి కోసిందాన్ని రెండోది మళ్లీ కోస్తుంది, ఎటు సెట్ చేసినా కుదరదు. వాల్వ్‌ని మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ప్రెషర్ పుట్టించేది) పక్కనే, వెనక్కి పోయే లైన్లో పెట్టారు. గేర్ రాడ్ పక్కన నాబ్ ఉంటే లుక్కు బాగుంటుంది, ఒప్పుకుంటా. కానీ పైపు పొడుగవుతుంది, జాయింట్లు పెరుగుతాయి, పక్కన కూర్చున్న బావమరిది ఏసీ స్విచ్ అనుకుని తిప్పుతాడు. పైపుల దగ్గర కక్కుర్తి వద్దు. ఫ్రిజ్ మెకానిక్కుల దగ్గర దొరికే ఉత్త రాగి గొట్టం అదురుకి అలిసిపోయి పగులుతుంది. బండీ ట్యూబ్ (బ్రేకులకి వాడే స్టీలు పైపు) గానీ కుప్రోనికెల్ (రాగి, నికెల్ కలిపిన పైపు) గానీ అడగండి. ఫ్లేర్, అంటే జాయింట్ కోసం విప్పార్చే పైపు అంచు, మీ కళ్ల ముందే కొట్టించుకోండి, అంచు మీద వెంట్రుకవాసి చీలిక కనపడినా కోసి మళ్లీ కొట్టమనండి.

సెట్టింగ్ మాత్రం రోడ్డు మీద చేయకండి. మంగళగిరి వైపు ఒక ఫ్రెండ్ వెంచర్లో, ఇంకా ఇళ్లు లేవని, గేటు వేసి చేశాం. కొత్త ప్యాడ్లు మొదట బెడ్ అవ్వాలి, అంటే డిస్కుకి అరిగి సర్దుకోవాలి, బ్రేకు పైపుల్లో గాలి పూర్తిగా తీసేయాలి, నాలుగు టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. వెనక ప్రెషర్ బాగా తగ్గించి మొదలుపెట్టండి. నలభైలో గట్టిగా తొక్కండి, పక్కన ఒకరు ఫోన్లో స్లో మోషన్ తీయాలి. ఇదిగో ఈ షాట్ చూడండి, ముందు టైరు ఆగిపోయింది, వెనకది ఇంకా తిరుగుతోంది. ఇదీ మనకి కావాల్సింది. కొంచెం కొంచెం పెంచుతూ పోతే ఒకచోట వెనకది మొదట ఆగుతుంది, తోక కదులుతుంది. అక్కణ్ణుంచి వెనక్కి తిప్పి, అరవైలో మళ్లీ చూసి, నాబ్ మీద పెయింట్‌తో గీత పెట్టేయండి. డ్రైవర్ ఒక్కడితో పాటు లోడుతోనూ చూడండి, ఎందుకంటే లోడుని పసిగట్టే వాల్వ్ ఇప్పుడు లేదు. ఈ వాల్వ్‌లో నాకు నచ్చనిది అదొక్కటే.

బ్రేకులు మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికొచ్చే విషయం, ఇన్సూరెన్స్ వాళ్లూ అడుగుతారు. ఆర్టీఓ దగ్గర కనుక్కుని చేయండి.

ఏబీఎస్ (చక్రాలు లాక్ కాకుండా చూసేది), ఈబీడీ (ముందు వెనక బ్రేకుని పంచేది) ఉన్న బండ్లకి దీని జోలికే పోవద్దు, ఆ పని కంప్యూటర్ చేస్తోంది. ఏబీఎస్ లేని పాత స్విఫ్ట్, జెన్ వాళ్లు కూడా ఆగండి. ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండ్లలో ఎక్కువగా లైన్లు ఐమూలగా ఉంటాయి, ముందు ఎడమతో వెనక కుడి, ముందు కుడితో వెనక ఎడమ. అలాంటి బండికి ఒక్క వాల్వ్ తెచ్చి ఒక వెనక చక్రం లైన్లో పెట్టి, రెండు వెనక చక్రాలకి బ్రేకు తేడాగా పడేలా చేసి ఇస్తానని ఎవరైనా అంటే, బేరం ఆడకుండా తాళాలు తీసుకుని వచ్చేయండి.