పిండి ముద్దల్లో మెదళ్ళు

శ్రోతలకు నమస్కారం. మొన్న ఆదివారం బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంటు తెలుగు పిల్లల్ని కూర్చోబెట్టి చపాతీ పిండితో మెదళ్ళు చేయించాను. చేప, కప్ప, పావురం, కుందేలు, మనిషి. మనిషి మెదడు సుమారు 1,400 గ్రాములు, కప్పదేమో చేతికి చిక్కదు. అందుకే అన్నీ జానెడు పొడవే చేశాం. ఏ జంతువుకైనా ఒక భాగానికి ఒకటే రంగు. వాసన పట్టే ఘ్రాణ లంబికలకు పసుపు, ఆలోచించే మస్తిష్కానికి బీట్‌రూట్ రసం, చూపు అందుకునే దృక్ లంబికలకు పాలకూర రసం, ఒళ్ళు తూలకుండా చూసే అనుమస్తిష్కానికి కాఫీ పొడి, ఊపిరినీ గుండెనూ నడిపే మజ్జాముఖానికి ఉత్త పిండి.

కప్ప చేస్తున్న బాబు కాఫీరంగు ఉండ ఒకటి పెట్టాడు. "అంత లేదు నాన్నా, తగ్గించు" అన్నాను. తీసి, తీసి, చివరికి సేమియా పుల్లంత అడ్డంగా అతికించాడు. కప్ప అనుమస్తిష్కం అంతే. పక్కనే పావురానికి అదే రంగు పెద్ద ముద్ద, మీద మడతలు. గాలిలో ఒరుగుతూ తిరుగుతూ ఎగిరే పిట్టకు అది కావాలి మరి. వాసన పట్టే పసుపు ముద్ద మాత్రం దానికి చిటికెడే.

మనిషి మెదడంటే బల్లి మెదడు మీద కట్టిన పై అంతస్తని చాలామంది నమ్ముతారు. 1960ల్లో అలాంటి సిద్ధాంతం ప్రచారమైంది, శాస్త్రజ్ఞులు ఇప్పుడు ఒప్పుకోరు. మా బల్ల మీదే తెలిసిపోయింది: ఐదు రంగులూ ఐదింటికీ ఉన్నాయి, అదే వరుసలో. బతుకుతెరువును బట్టి ఒకటి పెరిగింది, ఒకటి తగ్గింది.

మనిషి మస్తిష్కం పైపొరను విప్పి పరిస్తే దాదాపు 2,000 చదరపు సెంటీమీటర్లు, అంటే దినపత్రికలో ఒక పేజీ. పిల్లలు ఆ పేజీని నలిపి చెంబులో కుక్కారు. మడతలెందుకో నేను చెప్పాల్సిన పని లేకపోయింది. కుందేలుకు ఆ మడతలు లేవు, నున్నగా ఉంటుంది. అసలైన మనిషి మెదడు చూడాలంటే మన ఊళ్ళోనే నిమ్హాన్స్ అనే మెదడు, మానసిక వైద్య సంస్థలో మ్యూజియం ఉంది, పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళండి.

చివర్లో ఒక పాప అడిగింది, "ఆంటీ, మనిషికి ఆకుపచ్చ ఏదీ?" బీట్‌రూట్ ముద్దను వెనకవైపు మెల్లగా పైకెత్తమన్నాను. ఎత్తి, ఆ కింద శనగగింజల్లాంటి నాలుగు పచ్చ ఉండలు తనే అతికించి, మళ్ళీ మూత పెట్టింది.