లాన్ మాడిపోయాక నాచు మందు కొడితే ఏం లాభం?

నమస్తే అండి. ఏప్రిల్ వచ్చిందంటే చాలు, ఎంవీపీ కాలనీ నుంచి మధురవాడ దాకా అందరిదీ ఒకటే గోల, "లాన్ ఎండిపోయింది, సీవీడ్ లిక్విడ్ కొట్టాం, అయినా పచ్చబడట్లేదు, కల్తీదా అండి?" అని. మందు సంగతి తర్వాత, ముందు మీరు కొట్టిన టైమే తప్పండి బాబూ.

మన వైజాగ్ వాళ్లకి తుఫాను గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. పోర్టులో ఒకటో నంబర్ హెచ్చరిక ఎగరేశారంటే ట్యాంకు నింపేస్తాం, ఫోన్లు ఛార్జింగ్ పెట్టేస్తాం, రేకులకి తాళ్లు కట్టేస్తాం. 2014లో హుద్‌హుద్ వచ్చి కరెంటు పోయాక మోటార్ స్విచ్ నొక్కితే ట్యాంకు నిండుతుందా? బయోస్టిమ్యులెంటూ, అంటే ఈ సీవీడ్ లిక్విడ్‌లా మొక్కకి తట్టుకునే బలాన్ని పెంచే మందూ, అంతే.

లోపల ఏం జరుగుతుందంటే, తడి తగ్గగానే గడ్డి పత్రరంధ్రాలు మూసేసుకుంటుంది, ఉన్న నీళ్లు పోకుండా. మంచిదే, కానీ అవి మూస్తే కార్బన్ డయాక్సైడ్ కూడా సరిగా అందదు, పైన ఎండ మాత్రం కాస్తూనే ఉంటుంది, ఆకు పట్టుకున్న ఆ వెలుతురు శక్తికి పని లేక ఆక్సిజన్ మీద పడి ఫ్రీ రాడికల్స్ పుడతాయి. ఇవే మన ఎగిరే రేకులు అన్నమాట, కణాల పొరల్ని కోసేస్తాయి, పత్రహరితాన్ని పాడుచేస్తాయి. వీటిని పట్టి ఉంచే తాళ్లు సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్, కేటలేజ్ లాంటి ఎంజైములు. సీవీడ్ రసం, హ్యూమిక్ యాసిడ్ (కుళ్లిన ఆకూ అలమూ నుంచి వచ్చే పదార్థం) ముందే ఇస్తే గడ్డి ఈ తాళ్లు గట్టిగా పేనుకుంటుంది. అమెరికాలో వర్జీనియా టెక్ వాళ్లు టాల్ ఫెస్క్యూ, బెంట్‌గ్రాస్ మీద చూసింది ఇదే. అవి చలి దేశాల గడ్డి అనుకోండి, మన గరికకీ మెక్సికన్ గ్రాస్‌కీ అచ్చంగా అంతే ఫలితం వస్తుందని నేను మాటివ్వను.

మరి తుఫాను గడ్డి దాకా వచ్చేసిందని ఎలా తెలుస్తుంది? సాయంత్రం లాన్ మీద నాలుగడుగులు వేసి వెనక్కి చూడండి. గడ్డి లేవకుండా పాదం అచ్చు అలాగే ఉండిపోయి, రంగు కాస్త నీలంగా, బూడిదగా తిరిగి, ఆకు మడతపడిందా, తుఫాను తీరం దాటడం మొదలైనట్టే. అప్పుడు కావాల్సింది నీళ్లు, బాటిల్ కాదు. స్ప్రే ఫిబ్రవరి ఆఖర్లో, గడ్డి కళకళలాడుతున్నప్పుడే మొదలెట్టి రెండు మూడు వారాలకోసారి, లేబుల్ మీదున్న డోసు, పొద్దున్నే.

కొంతమంది ఆర్కే బీచ్‌లో కొట్టుకొచ్చిన నాచు తెచ్చి నానబెడుతున్నారంట, దండం పెడతాను, ఆ ఉప్పు గడ్డికి చేటు! మన దేశంలో అమ్మే సీవీడ్ రసాల్లో చాలావాటికి వాడే కప్పాఫైకస్ అనే ఎర్ర నాచుని తమిళనాడు మండపం వైపు సాగు చేస్తారు.

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తా. మే నెలలో యూరియా దట్టించకండి, ఆకు పెరిగి ఇంకా నీళ్లు అడుగుతుంది. కోత కాస్త ఎత్తులో, ఒక్కసారికి మూడో వంతు మించకుండా. రోజూ చిలకరించే బదులు రెండు మూడు రోజులకోసారి వేరు దాకా తడపండి, ఇసుక నేలైతే ఇంకొంచెం తొందరగా. ఇక గరిక లాన్ గోధుమరంగుకి తిరిగిందని పీకేయకండి, కాడ గోరుతో గీరి చూడండి, లోపల తెల్లగా గట్టిగా ఉంటే వాన పడగానే అదే లేస్తుంది. కొనేటప్పుడు బిల్లు అడగండి. 2021 నుంచి బయోస్టిమ్యులెంట్లు కూడా ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకి వచ్చాయి, లేబుల్ మీద అందులో ఏముందో రాయని సీసా ఎంత చవగ్గా ఇచ్చినా అక్కడే పెట్టేసి వచ్చేయండి.