ముందు నీళ్లు, తర్వాత గడ్డి

శ్రోతలకు నమస్కారం.

ఈ రోజు ఒక పాత గోల్ఫ్ మైదానం గురించి మాట్లాడుకుందాం. గోల్ఫ్ అనగానే మనకెందుకులే అనుకోకండి. ఆ కర్ర ఎప్పుడూ ముట్టుకోనివాళ్లు కూడా హాయిగా వినదగిన కథ ఇది. ఇందులో ఒక వాగు ఉంది, ఆ వాగు చుట్టూ పెరిగిపోయిన ఒక పెద్ద నగరం ఉంది, ఆ నగరంలో ఆడుకోవడానికి చోటు వెతుక్కున్న ఒక కుర్రాడు ఉన్నాడు.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. గోల్ఫ్ మైదానంలో మామూలుగా పద్దెనిమిది హోల్స్ ఉంటాయి. ఒక్కో హోల్‌కీ బంతి కొట్టడం మొదలుపెట్టే చోటు ఒకటి, మధ్యలో కత్తిరించిన పొడవాటి పచ్చిక, చివర చిన్న గుంట ఉన్న నున్నటి గడ్డి. ఆ నున్నటి గడ్డినే గ్రీన్ అంటారు. దారిలో అడ్డుగా పెట్టే ఇసుక గుంటల్ని బంకర్లంటారు. ఇంతవరకు తెలిస్తే చాలు.

ఇక కథలోకి వద్దాం. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం. దాని పడమటి అంచున ఒక వాగు పారుతుంది. పేరు కాబ్స్ క్రీక్. ఆ వాగు ఒడ్డున, నగరం వాళ్ల సొంత స్థలంలో, 1916లో ఒక గోల్ఫ్ మైదానం తెరిచారు. దాన్ని తీర్చిదిద్దినవాడు హ్యూ విల్సన్. ఆయన వృత్తి ఇన్సూరెన్సు. అయినా గోల్ఫ్ ప్రపంచం ఈనాటికీ ఆయన పేరు గౌరవంగా తలుచుకుంటుంది. కారణం, ఆ ఊరి శివార్లలోనే 1912లో తెరిచిన మెరియన్ మైదానం. అదీ ఆయన చేతి పనే. మెరియన్ క్లబ్బు సభ్యులది. కాబ్స్ క్రీక్ మాత్రం ఊరందరిది. ఒక పెద్ద క్లబ్బుకు పెట్టిన తెలివినే ఊరందరి కోసమూ పెట్టాడాయన. నాకు ఈ కథలో మొదట నచ్చిన సంగతి ఇదే.

నేల చదునుగా ఉంటే పని సులువు. ఇక్కడ నేల చదును కాదు. గుట్టలు, పల్లాలు, మధ్యలో మెలికలు తిరిగే వాగు. విల్సన్ ఆ వాగును పక్కకు నెట్టలేదు, ఆటలోకి తెచ్చాడు. చాలా హోల్స్‌లో బంతి వాగు దాటాలి, లేదా వాగు పక్కగా భయపడుతూ నడవాలి. వాగు అక్కడ ఉన్నందుకే ఆ మైదానానికి అంత పేరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇంకో సంగతి. మొదటి రోజు నుంచీ ఆ మైదానం అందరికీ తెరిచి ఉంది. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, ఆడవాళ్లు, మగవాళ్లు. ఆ కాలపు అమెరికాలో ఇది చిన్న విషయం కాదు. చార్లీ సిఫర్డ్ అనే కుర్రాడు 1922లో దక్షిణాన షార్లట్ నగరంలో పుట్టాడు. చిన్నప్పుడు క్లబ్బులో ఆటగాళ్ల సంచులు మోసేవాడు. సంచి మోయడానికి రానిచ్చేవారు, ఆడటానికి రానిచ్చేవారు కాదు. టీనేజీలోనే ఫిలడెల్ఫియా వచ్చేశాడు. అక్కడ కాబ్స్ క్రీక్ దొరికింది. అక్కడ హోవర్డ్ వీలర్ లాంటి ఆరితేరిన నల్లజాతి ఆటగాళ్లతో తలపడి ఆట పదును పెట్టుకున్నాడు. ఈ వీలర్ చేతులు తారుమారుగా వేసి కర్ర పట్టేవాడు. అందరూ ఎడమ చేయి పైన, కుడి చేయి కింద పెడితే ఆయన కుడి చేయి పైన పెట్టేవాడు. అలా పట్టుకునే జాతీయ స్థాయిలో గెలిచాడు.

సిఫర్డ్ ఎంత బాగా ఆడినా వృత్తి ఆటగాళ్ల సంఘంలో సభ్యత్వం దొరకలేదు. సభ్యులు తెల్లజాతివాళ్లే అయి ఉండాలన్న నిబంధన ఆ సంఘం 1934లో పెట్టుకుంది. 1961లో గానీ తీసెయ్యలేదు. అప్పటికి సిఫర్డ్‌కు ముప్పై తొమ్మిదేళ్లు. ఆటగాడి వయసులో మేలైన కాలం గడిచిపోయింది. అయినా వదల్లేదు. 1967లో హార్ట్‌ఫర్డ్ పోటీ గెలిచాడు, 1969లో లాస్ ఏంజెలస్ ఓపెన్ గెలిచాడు. 2014లో అమెరికా అధ్యక్షుడి చేతుల మీదుగా ఆ దేశపు అత్యున్నత పౌర పురస్కారం అందుకున్నాడు. మరుసటి ఏడాది కన్నుమూశాడు. ఎవరైనా కాబ్స్ క్రీక్‌ను వట్టి గడ్డి, ఇసుక అంటే నేను ఒప్పుకోను. ఆ గడ్డి మీద సిఫర్డ్ నడిచాడు.

మరి అంతటి మైదానం ఎలా పాడైంది? ఒక్కసారిగా కాదు. 1950ల్లో, ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో, విమానాల్ని కూల్చే ఫిరంగుల కోసం సైన్యం మైదానంలో ఒక మూల తీసుకుంది. దాంతో కొన్ని హోల్స్ వరస మార్చాల్సి వచ్చింది, విల్సన్ అల్లిక చెదిరింది. అయినా 1955లో, 1956లో వృత్తి ఆటగాళ్ల పెద్ద పోటీలు అక్కడ జరిగాయి. తర్వాత డబ్బు తగ్గింది, చూసుకునేవాళ్లు తగ్గారు. చెట్లు అడ్డదిడ్డంగా పెరిగాయి. వాగు ఒడ్లు కోసుకుపోయాయి. 2016 జనవరిలో క్లబ్‌హౌస్ కాలిపోయింది. 2020లో మైదానం మూసేశారు.

ఇప్పుడు పునరుద్ధరణ సంగతి. గిల్ హాన్స్, జిమ్ వాగ్నర్ అనే ఇద్దరు రూపశిల్పులు ఈ పని చేపట్టారు. 2016 రియో ఒలింపిక్స్‌కు గోల్ఫ్ మైదానం చేసింది హాన్సే. వీళ్ల కన్నా ముందు పని మొదలుపెట్టింది మాత్రం కొందరు మామూలు గోల్ఫ్ ప్రేమికులు. పాత పత్రికలు తిరగేశారు, విమానం నుంచి తీసిన పాత ఫొటోలు వెతికారు, ఏ హోల్ ఎక్కడ ఉండేదో, ఏ బంకర్ ఎప్పుడు పూడ్చారో ఓపికగా పోగు చేశారు. ఎవరూ అడగలేదు, జీతం లేదు. వాళ్ల మీద నాకు చెప్పలేనంత గౌరవం.

ఆ పాత ఫొటోలతో అంత పనేమిటి అంటారా? గ్రీన్‌లు కుంచించుకుపోతాయి. ఎవరూ కావాలని చెయ్యరు. గడ్డి కోసే మనిషి మిషన్‌తో అంచు చుట్టూ తిరిగేటప్పుడు, పొరపాటున బయటి ముతక గడ్డి నున్నగా కోసెయ్యకూడదని ఒక అంగుళం లోపలికి తిప్పుతాడు. మరుసటి ఏడాది ఇంకో అంగుళం. మూలలు తిప్పడం కష్టం కాబట్టి మూలలు గుండ్రం అవుతాయి. యాభై అరవై ఏళ్లకి ఆ గ్రీన్ వాడిన సబ్బుబిళ్లలా చిన్నదై, గుండ్రనిదై మిగులుతుంది. ఒకప్పుడు బంకర్ అంచుదాకా ఉన్న గ్రీన్ ఇప్పుడు బంకర్‌కి చాలా దూరంగా ఉంటుంది. బంతి పడాల్సిన చిన్న గుంట పెట్టడానికి పనికొచ్చే కష్టమైన మూలలన్నీ పోతాయి. ఆటలోని రుచి అంతా ఆ మూలల్లోనే ఉంటుంది.

పోయిన అంచును ఎలా కనిపెడతారు? పాత ఫొటోలో ఒక ఆధారం, నేలలో ఒక ఆధారం. గ్రీన్ మీద ఏళ్ల తరబడి పలచగా ఇసుక, మట్టి చల్లుతూ ఉంటారు. అది పొరలు పొరలుగా పేరుకుంటుంది. గొట్టం లాంటి పనిముట్టుతో నేల గుచ్చి మట్టి పైకి తీస్తే, గ్రీన్ ఉన్నచోట ఆ పొర కనిపిస్తుంది, లేనిచోట కనిపించదు. అలా గుచ్చుకుంటూ పోతే పాత అంచు దొరుకుతుంది. ఫొటో చెప్పిందీ నేల చెప్పిందీ ఒకటైనప్పుడు ఆ పని చేసేవాళ్లకు కలిగే సంతోషం నేను ఊహించుకోగలను.

ఇక్కడొక చిక్కుంది. పాత గ్రీన్‌లకు ఏటవాలు ఎక్కువ. ఆ రోజుల్లో గడ్డి ఇప్పటికన్నా ఎత్తుగా ఉండేది, బంతి నెమ్మదిగా దొర్లేది, కాబట్టి సరిపోయింది. ఇప్పుడు గడ్డిని గచ్చులా కోస్తున్నారు. ఆ వాలు మీద బంతి ఆగదు. కొందరు వాలు తగ్గిస్తారు. నా మటుకు నేను వాలు ఉంచి, గడ్డి కొంచెం ఎత్తుగా వదిలెయ్యమంటాను. వాలు ఒకసారి చెరిపితే తిరిగి రాదు. గడ్డి వారంలో పెరుగుతుంది.

సరే, అసలు మాటకు వద్దాం. ముందు నీళ్లు, తర్వాత గడ్డి.

1916లో విల్సన్ చూసిన వాగు వేరు. ఈ రోజు అక్కడున్న వాగు వేరు. చోటు అదే, పేరు అదే, నీళ్లు మాత్రం అవి కావు. వందేళ్లలో చుట్టూ ఇళ్లు లేచాయి, రోడ్లు పడ్డాయి, కార్లు నిలిపే స్థలాలు వచ్చాయి. పూర్వం వాన పడితే నేల తాగేది, మిగిలినది నెమ్మదిగా వాగులోకి చేరేది. ఇప్పుడు కప్పుల మీద పడ్డ వాన, తారు మీద పడ్డ వాన మొత్తం ఒకేసారి వాగులోకి దూకుతుంది. పైగా ఫిలడెల్ఫియాలో సగానికి పైగా ప్రాంతంలో వాననీరు, మురుగునీరు ఒకే గొట్టంలో పోతాయి. పెద్ద వాన వస్తే ఆ గొట్టాలు పట్టలేక వాగుల్లోకి వదిలేస్తాయి. ఆ ఊళ్లోని పాత వాగులు చాలావరకు ఎప్పుడో గొట్టాల్లోకి ఎక్కించి పైన వీధులు వేసేశారు. కాబ్స్ క్రీక్ పైకి కనిపిస్తూ పారుతున్న వాటిలో ఒకటి. అందుకే దాని మీద అంత భారం.

అలాంటి వాగు పక్కన విల్సన్ కట్టిన గ్రీన్‌ను అచ్చు అలాగే మళ్లీ కడితే ఏమవుతుంది? నాలుగు వరదలకు కొట్టుకుపోతుంది. కాబట్టి పాత ఆటను తిరిగి తేవాలంటే వాగును పాతదిలా వదిలెయ్యడం కుదరదు. ఒడ్లు వాలుగా దిద్దాలి. వరద వచ్చినప్పుడు నీళ్లు విస్తరించి నిలవడానికి పక్కన చిత్తడి నేలలు ఇవ్వాలి. వేళ్లు లోతుగా పట్టే మొక్కలు నాటాలి. కాబ్స్ క్రీక్‌లో గ్రీన్‌ల కన్నా ముందు ఈ పని పెట్టుకున్నారు. మైదానాన్ని పాతగా ఉంచడం కోసం వాగును కొత్తగా చెయ్యడం. నగరాల మధ్య ఉన్న పాత మైదానాలన్నిటికీ ఈ తిప్పలు తప్పవు. ముందు నీళ్లు, తర్వాత గడ్డి. డబ్బంతా గడ్డి మీద పెట్టి నీళ్ల సంగతి తర్వాత చూద్దామంటే మాత్రం ఆ గడ్డి నిలవదు.

అన్నీ సాఫీగా జరగలేదు. పనికోసం 2022లో పెద్ద ఎత్తున చెట్లు కొట్టేశారు. చుట్టుపక్కల ఉండేవాళ్లకు కోపం వచ్చింది. రావడంలో న్యాయం ఉంది. ఇళ్లు కిక్కిరిసిన చోట చెట్టంటే నీడ, చల్లదనం. విల్సన్ కాలంలో ఆ చెట్లలో చాలావాటికి చోటు లేదన్నది నిజమే. కానీ విల్సన్ కాలంలో చుట్టూ ఇన్ని ఇళ్లు కూడా లేవు కదా. కొట్టే ముందు ఇరుగుపొరుగుతో కూర్చుని, ఏ చెట్టు ఎందుకు పోతుందో, బదులుగా ఎక్కడ ఏం నాటుతారో చెప్పి ఉండాల్సింది. ఫొటోలు వెతికినంత ఓపిక ఇక్కడా చూపించాలి.

ఇంకో ప్రశ్న ఉంది. బాగుచేశాక ఎవరు ఆడతారు? లాస్ ఏంజెలస్ కంట్రీ క్లబ్ ఉత్తర మైదానం కూడా నగరం నడిబొడ్డునే ఉంది. 1920ల్లో దాన్ని తీర్చిన జార్జ్ థామస్ కూడా ఫిలడెల్ఫియావాడే.  గిల్ హాన్స్ బృందమే 2010లో దాన్ని బాగుచేసింది, 2023లో అమెరికా ఓపెన్ అక్కడ జరిగింది. అద్భుతమైన పని. కానీ అది సభ్యులకే. కాబ్స్ క్రీక్ అలా కాకూడదు. కొత్త హంగులు వచ్చాయని రుసుము పెంచేసి, పక్క వీధి పిల్లవాడు లోపలికి రాలేని పరిస్థితి వస్తే, బంకర్లు ఎంత అచ్చంగా ఉన్నా అది సిఫర్డ్ ఆడిన మైదానం కాదు. ఒక మంచి గుర్తు ఉంది. అక్కడ పాత మైదానం కన్నా ముందు తలుపులు తెరిచింది పిల్లల చదువు కేంద్రం. పేరున్న గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్ ఫౌండేషన్ వాళ్లు 2025లో దాన్ని ప్రారంభించారు.

చివరగా మీతో ఒక పని. గోల్ఫ్ కాకపోయినా సరే, ఏ పాత ఆటస్థలమైనా, పార్కైనా, చెరువు గట్టైనా, దాన్ని బాగుచేసేవాళ్లకు మొదట కావలసింది పాత ఫొటో. అది ఆఫీసు ఫైళ్లలో కన్నా ఇంట్లో ఆల్బంలోనే ఉండే అవకాశం ఎక్కువ. ఫొటోలో మీవాళ్లు నవ్వుతూ ఉంటారు. బాగుచేసేవాళ్లు మాత్రం మీవాళ్ల వెనక చూస్తారు. నేల వాలు ఎటుంది, నీటి అంచు ఎక్కడుంది, ఏ చెట్టు ఉంది, ఏది లేదు. కాబట్టి అలాంటి ఫొటో ఉంటే పారెయ్యకండి. వెనకవైపు పెన్సిల్‌తో మూడు ముక్కలు రాయండి. ఏ ఏడాది తీశారు, తీసిన మనిషి ఎక్కడ నిలబడ్డాడు, ఏ దిక్కుకు చూస్తున్నాడు. ఏడాది సరిగ్గా గుర్తులేకపోతే, ఫలానావాళ్ల పెళ్లైన సంవత్సరం అని రాసినా పనికొస్తుంది. ఒక కాపీ తీయించి దగ్గర్లోని గ్రంథాలయంలో ఇవ్వండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ వారమే వాళ్ల పక్కన కూర్చుని అడిగి రాసుకోండి, ఆ దిక్కు చెప్పగలిగేది వాళ్లే.

నమస్కారం.