ఇంజన్ హార్స్‌పవర్ కాదు సామీ, కత్తి! డ్రమ్ము–డిస్కు చిప్పర్ల కొట్లాటకి ఇదే నా జవాబు

ఎవరబ్బా "నీకు మిషన్ వాడటం చేతగాక డ్రమ్ముని తిడుతుండావు" అని కామెంట్ పెట్టింది? మీకే వస్తుండా, ఆగండి.

పోయిన వీడియో గుర్తుంది కదా. పొదలకూరు దగ్గర నిమ్మతోటలో కొట్టేసిన కొమ్మలు వేస్తుంటే మన డ్రమ్ము చిప్పర్, అంటే తిరిగే పీపా మీద కత్తులుండి కొమ్మల్ని ముక్కలు చేసే మిషన్, మూడుసార్లు బిగుసుకుపోయింది. పక్క తోటలో చక్రం మీద కత్తులుండే డిస్కు మిషన్ జొన్నచొప్ప తిన్నట్టు లాగేసింది. డ్రమ్ము దండగ అని కెమెరా ముందరే అనేశా. అప్పట్నుంచి రెండు పార్టీలు, ఒకటే గోల.

ఇప్పుడు వినండి. నేను చెప్పింది తప్పు. కానీ నన్ను తిట్టినోళ్ళు చెప్పింది ఇంకా పెద్ద తప్పు!

ఆ సాయంత్రం ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, డ్రమ్ము పూర్తిగా నిలిచినాక మూత తీశా. కత్తి అంచు మీద బొటనవేలి గోరు పెట్టి మెల్లిగా గీరా. గోరు మీద గీత కూడా పడలేదు సామీ! అది కత్తి కాదు, బండి బద్ద. దానికి నిమ్మకొమ్మని నరకడం ఎట్ట తెలుస్తుంది? నములుతుండాది. నమిలిన పీచు పోయి గొట్టంలో ఇరుక్కుంటుండాది. మనం డ్రమ్ముని తిడుతుండాం.

దీనికి ఒక షోరూం ఆయన ఇచ్చిన సలహా ఏందో తెలుసా? "ఇంజన్ చాల్లా, పై మోడల్ తీసుకోండి." కత్తిపీట మొద్దుబారితే మీ ఇంట్లో కొత్త వంటిల్లు కట్టిస్తారా అయ్యా?

మిషన్ ఏదైనా సరే, కొనేముందు దాన్నుంచి బయటపడే ముక్క చూడండి. అంచులు తెగిన బిళ్ళల్లాగా ఉందంటే కత్తి బాగుంది. పీచు, పొట్టు, తోకలు వస్తున్నాయంటే కత్తి పోయింది, లేకపోతే కత్తికీ దాని ఎదురుగా కదలకుండా ఉండే బెడ్ నైఫుకీ మధ్య సందు పెరిగింది. ఆ సందు ఎంత ఉండాలో మాన్యువల్లో ఉంటుంది. మనోళ్ళు మాన్యువల్ని గోనెసంచిలో కట్టి అటక మీద పెడతారు కదా, దించండి.

డ్రమ్ముకీ డిస్కుకీ తేడా లేదని కాదు. డిస్కు బరువైన చక్రం, ముక్క ఒకే సైజులో వస్తుంది. సుబాబుల్, జామాయిల్ తీసుకునే పేపరు మిల్లుల్లో డిస్కులు వాడేది అందుకే, గుజ్జు సమానంగా ఉడకాలిగా. డ్రమ్ముకి కత్తి నోటి వెడల్పంతా ఉంటుంది, గుబురుగా ఉన్న సర్కారు తుమ్మ కంపని అదే బాగా లాగుతుంది. తాటిమట్ట మాత్రం రెండిట్లోనూ వెయ్యమాకండి, పీచు చుట్టుకుని ప్రాణం తీస్తుంది. ఇంక చాలు, ఆ గొడవ అంతవరకే.

కత్తిని చంపేది ఎవరంటారా? ఇసక! మైపాడు వైపు సరుగుడు కొట్టి నేల మీద ఈడ్చుకొస్తారు. మొదలుకి పట్టిన ఇసకంతా నేరుగా కత్తికి. ఎండిన తుమ్మ ఇంకో శత్రువు, పచ్చిగా ఉన్నప్పుడే వెయ్యండి. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫానుకి పడిన చెట్లని నెలల తరబడి ఎండబెట్టి అప్పుడు చిప్పర్ తెచ్చినోళ్ళుండారు. పాత కంచె మేకులు దిగిన మొద్దులతో సహా! రాయిని కొరుకుతుందా అది?

సానపట్టేటప్పుడు ఒక్క కత్తినే పట్టించమాకండి. సెట్టు మొత్తం, సమానంగా. ఒకటి తేలికైతే డ్రమ్ము ఊగుతుంది, బేరింగు పోతుంది. అప్పుడు కూడా "కంపెనీ మోసం" అంటారు.

ఇంకోటి, కోపంతోనే చెప్తుండా. లుంగీ కట్టుకుని, మెడలో తువ్వాల వేసుకుని కొమ్మ తోస్తుండే వీడియోలు నాకు పంపమాకండి. ట్రాక్టర్ పీటీఓ, అంటే వెనక మిషన్ని తిప్పే ఇరుసు, నిమిషానికి 540 చుట్లు. కొమ్మని నిదానంగా లోపలికి తోసే రోలర్లు లేని మిషనైతే కత్తే కొమ్మని గుంజుకుంటుంది, కొమ్మకి తగులుకున్న తువ్వాలనీ గుంజుకుంటుంది. మొదలు వైపు ముందు పెట్టి, పక్కకి జరిగి నిలబడండి. చివరి పుల్లల్ని ఇంకో కొమ్మతో తొయ్యండి, చేత్తో కాదు, కాలితో అసలే కాదు.

ఆ ముక్కల్ని ఏంజెయ్యాలని గూడూరు నుంచి ఒకన్న అడిగాడు. నిమ్మ పాదుల్లో పైన పరచన్నా, మట్టిలో కలపొద్దు, కలిపితే వాటిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నేలలో నత్రజనిని తినేస్తాయి. మొదలుకి ఆనించొద్దు, తడి నిలిచి బంక తెగులు వస్తుంది.

ఇప్పుడు పందెం. అదే డ్రమ్ము, సానపట్టిన కత్తులతో. అదే డిస్కు, మొద్దుబారిన కత్తులతో. వచ్చే ఆదివారం, అదే తోట. డిస్కు పార్టీవాళ్ళు ముందుకు రండి, కొమ్మలు కూడా మీరే తెచ్చుకోండి. ఇసక దులిపి తేండి.