పొగరాని పొయ్యి కట్టే మేస్త్రీని ఎట్ల పట్టుకోవాల? ఏడాది వాడినాక నా రివ్యూ

అందరికీ నమస్కారం. మా అమ్మ వంటింట్లో నిలబడి మాట్లాడుతున్నాను. అనంతపురం నుంచి అరగంట దారి మా ఊరు. నా వెనక పొయ్యి మండుతోంది, దాని మీద సంగటికి ఎసరు కాగుతోంది. నా కండ్లలో నీళ్లు లేవు, గొంతులో దగ్గు లేదు. కెమెరా ఇట్ల తిప్పుతా, గోడ చూడండి. పోయిన ఏడాది సున్నం కొట్టించిన గోడ ఇది. ఈ మూలన కొంచెం పసుపు తిరిగింది గానీ మసి పట్టలేదు.

చెప్పాల్సినదాంట్లో పొయ్యి సంగతి సగమే. మట్టి, ఇటుకలు, ఒక గొట్టం, అంతే కదా. అవి ఎవరికైనా దొరుకుతాయి. వాటిని సరిగ్గా నిలబెట్టే మనిషి దొరకడమే కష్టం. నేను రెండుసార్లు కట్టించినాను. మొదటిది ఆరు నెలలకే పగలగొట్టించాల్సి వచ్చింది. రెండోది ఇదిగో, ఏడాది నిండింది. మొదటిసారి నేను ఏం చూడలేదో, రెండోసారి ఏం చూసినానో అదే ఈ వీడియో.

గ్యాస్ ఉండగా కట్టెల పొయ్యి ఎందుకని అడుగుతారు. గ్యాస్ ఉంది, టీ, కూర దాని మీదే. కానీ సంగటి, జొన్నరొట్టెలు, స్నానానికి వేణ్ణీళ్లు మా ఇంట్లో కట్టెల మీదే. చేన్లో కంది కట్టె వస్తుంది, గట్ల మీద సర్కారు తుమ్మ కంప కావాల్సినంత ఉంది. చుట్టుపక్కల చాలా ఇండ్లలో ఇదే పద్ధతి. కాబట్టి పొయ్యి ఎటూ ఉంటుంది. పొగ ఎట్ల పోవాలన్నదే ప్రశ్న.

మా పాత ఇల్లు పైన చౌడు మట్టి పరిచిన మిద్దె. పొయ్యికి సరిగ్గా పైన గవాచి, అంటే మిద్దెకు వదిలిన బొక్క, ఉండేది. వెలుతురు లోపలికి వచ్చేది, పొగ అందులోంచే బయటికి పోయేది. అందరూ పాత మిద్దెలు దించి స్లాబ్ వేసుకున్నారు, మేమూ వేసుకున్నాం. గవాచి పోయింది, పొయ్యి మిగిలింది. పొగకు దారి లేకుండా చేసింది మనమే. స్లాబ్ వేసిన మూడేండ్లలో మా అమ్మకు దగ్గు పట్టుకుంది. డాక్టరమ్మ మొదట అడిగిన మాట, "వంట దేని మీద చేస్తావమ్మా?"

అప్పుడు మొదటి మేస్త్రీని పిలిచినాను. పేరు చెప్పను, అవసరం లేదు. పొద్దున తొమ్మిదికి వచ్చినాడు, మధ్యాహ్నం భోజనానికల్లా పని అయిపోయిందన్నాడు. మూడున్నర వేలు చేతిలో పెట్టినాను. ఎంత చురుకైన మనిషో అని సంతోషపడినాను కూడా. స్లాబ్‌కు బొక్క కొడితే వానకు కారుతుందని భయపెట్టి, గొట్టాన్ని గోడలోంచి బయటికి తీసి, అక్కడ ఒక వంపు, ఇంకో వంపు ఇచ్చి, పిట్టగోడ కిందనే ఆపేసినాడు. నాకు తెలియదు, తల ఊపినాను.

మాఘం, ఫాల్గుణం బాగానే గడిచినాయి. ఆషాఢం గాలి మొదలైంది. మన వైపు గాలి సంగతి మీకు నేను చెప్పాలా! రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ గాలి పిట్టగోడకు కొట్టుకుని కిందికి దిగి, గొట్టంలోకి దూరి, పొగనంతా మా అమ్మ ముఖం మీదికి తోసింది. పాత పొయ్యికన్నా అధ్వాన్నం. ఫోన్ చేస్తే "కట్టెలు పచ్చిగా ఉన్నట్టున్నాయి" అన్నాడు. రెండోసారి "వస్తా" అన్నాడు. మూడోసారి నుంచి ఫోన్ ఎత్తలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి వినండి, ఇది తెలిస్తే మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేరు. పొగను గొట్టం లాగేది దేనివల్ల? వేడిగాలి తేలిక కాబట్టి పైకి పోతుంది. గొట్టం ఎంత ఎత్తుంటే, లోపల ఎంత వేడిగా ఉంటే, అంత బలంగా లాగుతుంది. ప్రతి వంపు దగ్గరా ఆ బలం తగ్గుతుంది. అడ్డంగా పరిచిన చోట మసి పేరుకుంటుంది. గొట్టం కొస గోడ చాటున ఉంటే గాలి తిరగబడుతుంది. పచ్చికట్టె సంగతి కూడా అబద్ధం కాదు. అప్పుడే కొట్టిన కట్టె బరువులో సగం దాకా నీళ్లే ఉంటాయి, పొగ ఎక్కువే. కానీ మా అమ్మ వాడింది ఏడాది ఎండిన కంది కట్టె.

రెండోసారి వెతకడానికి నాకు రెండు నెలలు పట్టింది. ముందు అనంతపురంలో సిమెంటు గొట్టాలు అమ్మే అంగడికి పోయినాను. "నాలుగంగుళాల గొట్టాలు పొయ్యిల కోసం ఎవరు కొంటారన్నా?" అని అడిగినాను. ఆయన ముగ్గురు మేస్త్రీల పేర్లు చెప్పినాడు. నేను మేస్త్రీలకు ఫోన్ చేయలేదు. వాళ్లు కట్టిన పొయ్యిలు ఏ ఊర్లో ఉన్నాయో కనుక్కుని అక్కడికి పోయినాను. అది కూడా పోయిన నెల కట్టినవి కాదు, ఏడాది దాటినవి. కొత్త పొయ్యి ఏదైనా బాగానే లాగుతుంది.

మొదటి ఇల్లు తాడిపత్రి దారిలో. ఇంటాయన చాలా మర్యాదగా పొయ్యి చూపించినాడు. నున్నగా అలికి ముగ్గేసి ఉంది. బ్రహ్మాండంగా పనిచేస్తుందన్నాడు. నేను నీళ్లు తాగుతానని వెనక వాకిలి వైపు పోయినాను. అక్కడ మూడు రాళ్లు, మధ్యలో బూడిద. ఇంకా వెచ్చగా ఉంది. ఇంటామె నా పక్కకు వచ్చి మెల్లగా చెప్పింది, "దాని మీద ఎవరు చేస్తారక్కా, చుట్టాలొస్తే చూపించేదానికే అది." ఆ మేస్త్రీ పేరు అక్కడే కొట్టేసినాను. డబ్బులిచ్చిన మనిషిని కాదు, దాని ముందు కూర్చునే మనిషిని అడగాల. వెనక వాకిట్లో బూడిద ఉందేమో చూడాల.

రెండో మేస్త్రీ పొయ్యి ఫరవాలేదు గానీ గొట్టం అడుగున మసి తీసే దారే లేదు. మూడో ఇల్లు ధర్మవరం వైపు. పొయ్యి చూడ్డానికి అందంగా లేదు. అంచులకు కొత్త మట్టి మెత్తిన వేలి గుర్తులు కనిపిస్తున్నాయి. ఆ అవ్వ గోడకు తగిలించిన పొడుగాటి కమ్మీ తీసి చూపించింది, కొసకు గుడ్డపేలికలు చుట్టి ఉన్నాయి. "మేస్త్రీ ఇచ్చిపోయినాడు పాపా. నెలకోసారి దీంతో తుడుచుకోమన్నాడు. రెండుసార్లు వచ్చి చూసిపోయినాడు కూడా." నాకు కావాల్సిన మనిషి దొరికినాడని అప్పుడే అర్థమైంది.

ఇంగ్లండులో కట్టెల పొయ్యి పెట్టించుకోవాలంటే హెటాస్ అనే వ్యవస్థ ఉంది. అందులో నమోదైన పనివాడు పొయ్యి బిగించి, గొట్టంలో పొగ పరీక్ష చేసి, పని నియమాల ప్రకారం జరిగిందని సర్టిఫికెట్ ఇస్తాడు. కొత్తగా పొయ్యి పెట్టిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం కూడా ఉండాల్సిందే. మన ఊర్లో మేస్త్రీ చేతిలో అట్లాంటి కాగితం ఉండదు. అందుకే ఆ పరీక్ష మనమే చేయాల.

ఇది నా ఒక్క ఇంటి బాధ కాదు. 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల పథకం మొదలుపెట్టింది, 2002 దాకా నడిచింది. దేశమంతా మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టినారు. చాలావరకు కొన్నేండ్లకే మూలపడినాయి. ఒడిశాలో ఎస్తర్ డఫ్లో అనే ఆర్థికవేత్త, ఆమెతో పనిచేసినవాళ్లు ఇట్లాంటి పొయ్యిలను నాలుగేండ్ల దాకా గమనించినారు. మొదటి ఏడాది పీల్చే పొగ తగ్గింది, ఆ తర్వాత లాభం కనిపించలేదు. ఇండ్లలో సరిగ్గా వాడలేదు, బాగు చేయించుకోలేదు. అది చదివినాక నాకు ఆ అవ్వ చేతిలో కమ్మీ విలువ ఇంకా బాగా తెలిసింది. పక్కనే బెంగళూరులో, భారతీయ విజ్ఞాన సంస్థ వాళ్లు అస్త్ర ఒలె అని మంచి పొయ్యి తయారుచేసినారు. ఒలె అంటే కన్నడంలో పొయ్యే. నమూనాలకు మనకేం కొదవ లేదు, కట్టిపోయినాక మళ్లీ వచ్చి చూసే మనిషికే కొదవ.

సరే, ఆ మేస్త్రీ వచ్చినాడు. అరవై దాటిన మనిషి. మొదటి రోజు పార కూడా పట్టలేదు. వంటింట్లో పీట వేసుకుని కూర్చుని మా అమ్మను అడిగినాడు, "ఏమ్మా, సంగటి ఎంతమందికి గెలుకుతావు? ఏ చట్టిలో? నిలబడి గెలుకుతావా, కూర్చునా?" సంగటి గెలికేటప్పుడు చట్టి మీద ఎంత బలం పడుతుందో చేసినవాళ్లకే తెలుసు. మట్టి అంచు ఊరికే పగులుతుంది. అందుకని మా చట్టినే తెప్పించి, కొలిచి, అంచులో ఇనుప కట్టు పెట్టినాడు. జొన్నరొట్టె పెనం ఎంత పెద్దదో కూడా చూసినాడు. తర్వాత మిద్దెక్కి గాలి ఎటు నుంచి వస్తుందని అడిగినాడు. మొదటి మేస్త్రీ ఇందులో ఒక్కటంటే ఒక్క ప్రశ్న అడగలేదు.

గొట్టం నిలువుగా స్లాబ్‌లోంచి పైకి తీసినాడు, పిట్టగోడను దాటించి మూడడుగులు లేపినాడు, పైన టోపీ పెట్టినాడు. బొక్క చుట్టూ సిమెంటుతో వాలుగా గట్టు కట్టినాడు. మొన్నటి వానల్లో ఒక్క చుక్క కారలేదు. గొట్టం అడుగున మసి తీసుకోను చిన్న మూత పెట్టినాడు, ఇదిగో, తీసి చూపిస్తున్నా. మీ ఇల్లు ఇంకా మట్టి మిద్దె అయితే మాత్రం జాగ్రత్త. గొట్టం దంతెలకు, అంటే కప్పు మోసే కట్టెలకు, వాటి పైన పరిచిన కసువుకు ఆనకూడదు, నిప్పంటుకుంటుంది. సిమెంటు గొట్టం ఆస్బెస్టాస్‌దైతే దాన్ని ఇంట్లో పెట్టి కట్టర్‌తో కోయనివ్వకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది.

కట్టినాక పది రోజులు ఆరనిచ్చినాడు. తర్వాత వచ్చి చిన్న మంటలు పెట్టి, పగుళ్లు పూడ్చి, అప్పుడు పరీక్ష. ఇది మీకు దగ్గరగా చూపిస్తా. అగరుబత్తి వెలిగించి పొయ్యి నోటి దగ్గర పెడుతున్నా. చూడండి, పొగ తీగలాగా వంగి లోపలికి పోతోంది. మీ పొయ్యి దగ్గర అది పైకి లేచినా, మీ వైపు తిరిగినా మేస్త్రీని ఇంటికి పంపొద్దు. తలుపులు, కిటికీలు మూసి ఒకసారి, తీసి ఒకసారి చూడండి. డబ్బు మాత్రం సగం ముందిచ్చినాను, మిగతాది నెల తర్వాత. అట్ల ఇమ్మని అడిగింది నేను కాదు, ఆయనే.

లోపాలూ చెప్పాల. వెలిగించిన మొదటి ఐదు నిమిషాలు, గొట్టం వేడెక్కేదాకా, కొంచెం పొగ వస్తుంది. కట్టెలు సన్నగా చీల్చుకోవాల, పాత పొయ్యిలాగా మొద్దు తోసేస్తే కుదరదు. వెనక రెండో గిన్నె పెట్టే కన్ను మీద నీళ్లు కాగుతాయి గానీ అన్నం వండాలంటే ఆలస్యమే. నెలకోసారి గొట్టం తుడవకపోతే లాగడం తగ్గుతుంది, అది నేనే ఒకసారి మరిచిపోయి చూసినాను. మసితో గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ గదిలో నిలుస్తుంది, దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. కాబట్టి పొయ్యి ఎంత మంచిదైనా కిటికీ తీసే ఉంచండి. బొగ్గులు పడకగదిలోకి అసలే తీసుకుపోకండి.

మొత్తం ఐదువేల రెండు వందలు అయింది. మొదటిదానికి పెట్టిన మూడున్నర వేలు పోయినట్టే. పొయ్యికి నేను పదికి ఎనిమిది ఇస్తా, మేస్త్రీకి పదికి పది. మా అమ్మ దగ్గు పూర్తిగా పోలేదు, కానీ రాత్రిపూట లేచి కూర్చోవడం మానేసింది. పెరట్లో నీళ్ల పొయ్యి ఒకటి మిగిలింది, ఉగాది అయినాక వస్తానన్నాడాయన. సంగటి దించే టైమైంది, అమ్మ పిలుస్తోంది. ఉంటా.