పిరమిడ్ ఫోటోలో అట్టముక్కలా ఎందుకు పడుతుంది?

[తెరపై: మిట్టమధ్యాహ్నం తీసిన గీజా ఫోటో]

ఈ ఫోటో చూడండి. ఎవరో అట్టముక్కని త్రికోణంగా కత్తిరించి ఇసుకలో గుచ్చినట్టు లేదూ? ఈజిప్ట్ వెళ్లొచ్చినవాళ్లు ఇలాంటివి చూపించి "మా ఫోన్ కెమెరా బాగాలేదండీ" అంటారు, కొందరైతే ఆ బాధతో కొత్త లెన్సు కూడా కొనేస్తారు, అది విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. తప్పు కెమెరాది కాదు. ఏ వేళకి తీశారు, ఎక్కడ నిలబడి తీశారు, అక్కడే వస్తోంది తేడా అంతా.

మన ఊళ్లో నాలుగు వైపులా వాలున్న పెంకుటిల్లు ఒకటి గుర్తు తెచ్చుకోండి. పొద్దున్నే తూర్పు వాలు మీద ఎండ పడి పెంకులు ఎర్రగా మెరుస్తుంటే, పడమటి వాలు నీడలో ఉంటుంది. వెలుగుకీ నీడకీ మధ్య ఆ గీత చూసే మన కన్ను కప్పు అక్కడ మడత తిరిగిందని పోల్చుకుంటుంది. మిట్టమధ్యాహ్నం ఆ గీత పోయి కప్పంతా ఒకటే రంగు.

గీజాలో ఖుఫు రాజు కట్టించిన పెద్ద పిరమిడ్ కూడా అలాంటి కప్పే, కాకపోతే ఒక్కో వైపు 230 మీటర్లు! నాలుగు ముఖాలూ దాదాపు వెంట్రుకవాసి తేడా లేకుండా నాలుగు దిక్కులకే తిరిగి ఉన్నాయి. 4,500 ఏళ్ల కిందట దిక్కులు అంత కచ్చితంగా పట్టారు, నాకైతే దాని ఎత్తు కంటే ఇదే పెద్ద అద్భుతం. కాబట్టి ఏ వేళకి ఏ ముఖం వెలుగుతుందో ఇంట్లో కూర్చునే చెప్పేయొచ్చు. దాని వాలు సుమారు 52 డిగ్రీలు. జూన్ మధ్యాహ్నం సూర్యుడు 83 డిగ్రీల ఎత్తుకి, అంటే దాదాపు నడినెత్తికి వస్తాడు, ఉత్తరంతో సహా నాలుగు ముఖాల మీదా ఎండే. డిసెంబర్‌లో 37 దాటడు, అంటే వాలు కంటే కిందే, అందుకే అప్పుడు ఉత్తరం ముఖానికి మధ్యాహ్నం కూడా నీడే.

ఇక అసలు పొరపాటు. గీజాలోని మూడు పెద్ద పిరమిడ్లూ ఒకే ఫోటోలో కలిసి పడే చోటు నైరుతి వైపు ఎడారిలో ఉంది, అక్కడికి సాయంత్రం గోల్డెన్ అవర్‌లో, అంటే ఎండ బంగారు రంగుకి తిరిగే వేళలో, వెళ్లమని అందరూ చెప్తారు. కానీ టూరిస్టుల సీజన్ చలికాలం, చలికాలంలో సూర్యుడు దిగేది నైరుతిలోనే, అంటే సరిగ్గా మీ వీపు వెనక. దక్షిణం, పడమర ముఖాలు రెండూ ఒకేలా వెలుగుతాయి, పెంకుటింటి మూలన నిలబడి ఫ్లాష్ కొట్టినట్టే. రంగు బంగారంలా వస్తుంది, మడత మాత్రం రాదు. అదే పొద్దున గేటు తెరవగానే వెళ్లండి, ఆగ్నేయపు ఎండ దక్షిణం ముఖం మీద పడి పడమటి ముఖం నీడలో ఉంటుంది, అంచు కత్తితో కోసినట్టు కనిపిస్తుంది.

అక్కడ తీసిన ఫోటో చూసి మధ్యలోదే పెద్ద పిరమిడ్ అని కూడా అనుకుంటారు. కాదు, అది ఖఫ్రే అనే ఇంకో రాజుది, 136 మీటర్లు. ఖుఫుది 138. ఖఫ్రేది పది మీటర్లు ఎత్తైన రాతినేల మీద ఉంది, పైగా కొసన పాత సున్నపురాయి తొడుగు, అంటే పైన పరిచిన నున్నటి రాతి పొర, మిగిలింది. మిట్ట మీద కట్టిన పెంకుటిల్లు పక్కింటికంటే ఎత్తుగా కనపడదూ?

[దగ్గరి షాట్: రాయి]

ఇది నాకు చాలా ఇష్టం. అడుగు వరసల్లో రాయి దగ్గర వంగి, పక్కనుంచి వచ్చే వెలుగులో చూడండి, కందిపప్పు బద్దల్లా, చిన్న బిళ్లల్లా ఏవో కనిపిస్తాయి. అవి నమ్యులైట్లు, ఒకప్పటి సముద్ర జీవుల శిలాజాలు. రెండు వేల ఏళ్ల కిందట గ్రీకు రచయిత స్ట్రాబో అక్కడికి వెళ్తే, కూలీలు తినగా మిగిలిన పప్పులు రాయిగా మారాయని అక్కడివాళ్లు చెప్పుకునేవారట.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. గోడకి దగ్గరగా వైడ్ లెన్సు పెడితే కొస వెనక్కి పడిపోయి పిరమిడ్ పొట్టిదవుతుంది, దూరం వెళ్లి జూమ్ చేయండి. అడుగు వరస పక్కన ఒక మనిషి ఉంటేనే సైజు తెలుస్తుంది. పైకి ఎక్కడం నిషేధం. అనుమతి లేకుండా డ్రోన్ తీసుకెళ్తే ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు. ఇంకో పూట చేతిలో ఉంటే గీజాకి దక్షిణాన ఉన్న దహ్‌షూర్ వెళ్లండి, అక్కడి వంపు పిరమిడ్ సగం ఎత్తులో వాలు మార్చుకుంటుంది, పాత తొడుగు చాలావరకు ఇంకా దాని ఒంటి మీదే ఉంది.